ఇంటిపేరేటి బాబూ?

ఈ వారం నన్ను చికాకు పెట్టింది ఒక శుభలేఖ. శుభలేఖల మీద నా పేచీ ఈ కాలమ్ చదివేవాళ్లకు కంఠతా వచ్చేసి ఉంటుంది. బంగారు అంచు, మూడు మడతలు, లోపల గంధం వాసన. ఇంత హంగులో పెళ్లికొడుకు ఇంటిపేరుకు మాత్రం ఒక్క పొడి అక్షరం, పక్కన చుక్క. ఆ చుక్క వెనక ఏ ఇల్లుందో తేల్చుకోడానికి నందిగాం నుంచి సోంపేట దాకా తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. తీరా చూస్తే మా పెద్దత్త వైపు చుట్టాలే. పేరు పూర్తిగా వేస్తే ప్రెస్సువాడు అక్షరానికింత అని లెక్కకట్టి తీసుకోడు కదా!

ఆ రాత్రే స్టట్‌గార్ట్ నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడి ఆఫీసులో ఒకావిడది చాలా అరుదైన ఇంటిపేరట. ఆవిడ దాని మ్యాపు తీయించి గోడకు తగిలించుకుంది. దేశమంతా తెల్లగా ఉండి, ఒక మూల లోయలో కొన్ని ఊళ్ల మీద మాత్రం ఎర్ర చుక్కలు. "మావయ్యా, మన ఇంటిపేరుకి ఇలాంటిది ఉందేటి?" అని అడిగాడు.

వాడికి జవాబు చెప్పాలని నాలుగు పుస్తకాలు తిరగేశాను. జర్మనీలో 1875లో చట్టం చేసి, 1876 జనవరి 1 నుంచి పుట్టుకా పెళ్లీ చావూ సర్కారు పుస్తకంలోకి ఎక్కాలన్నారు. ఎక్కిన ఇంటిపేరు ఎక్కిన అక్షరాలతోనే బిగుసుకుపోయింది. తర్వాత ఫ్రైబుర్గ్, మైంజ్ విశ్వవిద్యాలయాల పండితులు 2005 నాటి ల్యాండ్‌లైన్ చందాదారుల జాబితా పట్టుకుని ఇంటిపేర్ల అట్లాసే వేశారు, సంపుటాలు సంపుటాలుగా. అన్నిటికన్నా ఎక్కువమందికున్న పేరు మ్యూలర్, అంటే పిండిమర ఆడించేవాడు. వాగు వాగుకీ ఒక మర ఉండేది కనక మ్యాపంతా వాళ్లే. ఏ ఒక్క కమతం పేరు మీదో, ఏ ఒక్క మనిషి ఎగతాళి పేరు మీదో పుట్టినవి అరుదైనవి. వాటిలో చాలా మటుకు పుట్టినచోటే ఉండిపోయాయి.

వెస్ట్‌ఫాలియా వైపు సంగతి మరీ వింత. అక్కడ పేరు మనిషిది కాదు, పొలానిది. ఇల్లరికం వెళ్లిన అల్లుడు తన పేరు వదిలేసి ఆ కమతం పేరు పెట్టుకునేవాడట. మన ఇల్లరికపుటల్లుడు మామ కొబ్బరితోట అనుభవిస్తాడు గానీ ఇంటిపేరు తనదే అట్టిపెట్టుకుంటాడు. మనకు దత్తత వెళ్తేనే మారేది. శ్రీశ్రీ పుట్టింది పూడిపెద్ది వారింట, దత్తు వెళ్లింది శ్రీరంగం వారింటికి. వెళ్లి ఉండకపోతే ఆ రెండు శ్రీలూ ఒకచోట చేరేవి కావు. (జర్మన్ ఇంటిపేరు మనకేం సంబంధం అనేవాళ్లు ఒకసారి గుంటూరు వెళ్లి రిక్షా ఎక్కండి. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టరమ్మ అన్నా కుగ్లర్. ఆవిడ పూర్వీకుల జర్మన్ ఇంటిపేరు ఆ ఊళ్లో ఒక ఆస్పత్రి పేరైంది. అన్నా అన్న పేరు ఎంతమందికి గుర్తుందో గానీ, కుగ్లర్ ఎక్కడని అడిగితే దారి చెప్తారు.)

ఇదంతా చదివేసరికి ఉత్సాహం వచ్చింది. ఉద్దానం ఇంటిపేర్ల మ్యాపు మనమే వేద్దాం, ఇంటిపేరూ ఊరూ రాసి పోస్టుకార్డులు పంపండి అని మిమ్మల్ని అడుగుదామనే ఈ కాలమ్‌కి కూచున్నాను. వేస్తే బాగానే ఉంటుంది. ఉత్తరాంధ్ర మావాళ్లని మనం గొప్పగా చెప్పుకునే పేర్లే చూడండి. గురజాడ కృష్ణా జిల్లాలో ఊరు. కారా మాష్టారి కాళీపట్నం మొగల్తూరు పక్కన ఊరు. రావిశాస్త్రి గారి రాచకొండ నల్గొండ వైపు పాత కోట. మన యాసకు సాహిత్యంలో పెద్దపీట వేసినవాళ్ల ఇంటిపేర్లలో మన ఊరు ఒక్కటీ లేదు! ఏ తాతో ఎప్పుడో బండి కట్టుకుని వచ్చుంటాడు. ఉన్నచోట ఉన్నంతకాలం ఎవడూ ఊరిపేరు పెట్టి పిలవడు, కదిలాకే అది అంటుకుంటుంది. ఇప్పటికీ మన ఇళ్లల్లో టెక్కలి కోడలు, మందస వదిన అనడం లేదూ, అదే పద్ధతి.

నిజానికి ఆ మ్యాపు నేను చిన్నప్పుడే చూశాను. అది మా పెదనాన్న నోట్లో ఉండేది.

జీడితోట పెదనాన్న గురించి ఇదివరకు రాశాను, తుపానుకు చెట్లన్నీ పడితే మొదళ్ల మీద కూచుని చుట్ట కాల్చినాయన. ఆయన నందిగాం రోడ్డు మీద టీకొట్టు బల్ల మీద కూచునేవాడు. బస్సు దిగిన కొత్త మనిషి కనిపిస్తే చాలు, "మీదేవూరు బాబూ? ఇంటిపేరేటి? ఎవులింటికి?" మూడు ప్రశ్నలూ ఒకే ఊపిరిలో. జవాబు వచ్చాక తొందరపడేవాడు కాదు. చుట్ట ఒక దమ్ము లాగేవాడు, రోడ్డు వైపు చూసేవాడు, అప్పుడు చెప్పేవాడు: మీవోళ్లు అసలు మెళియాపుట్టి వైపోళ్లు, కరువులో ఇటొచ్చినారు, ఒక పాయ పర్లాకిమిడి దాటి పోయింది, మీ తాత తోడల్లుడు కాశీబుగ్గలో పొగాకు కొట్టు పెట్టినాడు. వచ్చినవాడు నోరు తెరిచేవాడు. తనకు తెలియని తాతను తనకు చూపించినందుకు టీ డబ్బులు వాడే ఇచ్చేవాడు.

ఆయనకు వ్యాకరణం రాదు, చెవి ఉంది. ఊరి పేరు ఇంటిపేరయ్యేటప్పుడు చివరి 'రు' కాస్తా 'రి' అవుతుంది. కందుకూరు కందుకూరి, వింజమూరు వింజమూరి. అలాంటివి వింటే "ఇది దక్షిణాది సరుకు" అనేవాడు. ఆయన దక్షిణాది గోదావరి దగ్గరే మొదలవుతుంది. చివర 'పు' వింటే మనవైపుదే అని తల ఊపేవాడు. కింజరాపు, వెంపటాపు. ఒకటి ఇప్పుడు కేంద్రమంత్రి ఇంటిపేరు, ఒకటి అడవిలో ప్రాణం విడిచిన సత్యం మాష్టారిది. బెహరా, పాత్రో, రౌతు, పట్నాయక్ లాంటివి వస్తే మాత్రం ఊరు సంగతి తర్వాత, "ఇంట్లో ఏటి మాటాడతారు?" అని అడిగేవాడు. ఎందుకంటే ఒకే ఇంటిపేరు వాడు ఇక్కడ తెలుగు, అక్కడ ఒడియా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మన టెక్కలి వైపూ పర్లాకిమిడీ బరంపురమూ అన్నీ ఒకే గంజాం జిల్లా. గీత గీసినవాళ్లు ఇంటిపేర్లు అడిగి గీయలేదు. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారి ఇంటిపేరు వరాహగిరి. అది మొదటి పొడి అక్షరంలోకి ఇమిడిపోయి, దేశమంతా చివరి గిరినే ఇంటిపేరనుకుంది.

గుమాస్తాలు చేసిన పాడు కూడా ఆయనకు తెలుసు. పైల అన్న రెండక్షరాల ఇంటిపేరును ఇంగ్లీషులో ఒకడు వైతో రాస్తాడు, ఇంకొకడు ఏ, ఐ కలిపి రాస్తాడు. ఒకే అరుగు మీద కూచునే అన్నదమ్ములు కాగితం మీద వేరువేరు వంశాలైపోతారు. ఆధార్ కార్డులో ఒక రకం, పాసు పుస్తకంలో ఒక రకం ఉండి పింఛను ఆగిపోయిన ముసలివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. జర్మనీలో బిగుసుకున్నట్టు ఇక్కడా బిగుసుకుంటుంది, తప్పుతో సహా. అరుదైన ఇంటిపేర్లు కొన్ని ఇలాగే పుట్టి ఉంటాయని నా గట్టి అనుమానం.

సముద్రం దాటినవాళ్లకు అదీ దక్కలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో కూలి ఒప్పందం మీద మారిషస్ వెళ్లిన మనవాళ్ల పేర్లు ఓడ రిజిస్టర్లలో ఎక్కాయి, తండ్రి పేరుతో, కులంతో, ఊరితో. ఇంటిపేరుకు గడి లేదు. తర్వాతి తరానికి తండ్రి పేరే ఇంటిపేరైంది. అందుకే అక్కడ అప్పడు అనేది ఇంటిపేరు. నతాషా అప్పన్న అని ఫ్రెంచిలో నవలలు రాసే మారిషస్ రచయిత్రి ఉన్నారు, మూలాలు తెలుగువే. కూలీల ఓడ ప్రయాణం మీదే మొదటి నవల రాశారు. సింహాద్రి అప్పన్నకు మొక్కుకుని పుట్టిన ఏ మనిషో ఆ పేరులో కూచుని ఉన్నాడు. దక్షిణాఫ్రికా వెళ్తే నాయుళ్లు, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లకు వెళ్తే అందరూ రావులే. ఇచ్ఛాపురం దాటగానే ఇంటిపేరు రైల్లోంచి దిగిపోతుంది.

అసలు అరుదు అనేది నిలబడ్డ చోటును బట్టి. మన తీరంలో మైలపల్లి, వాసుపల్లి, సూరాడ ఇంటిపేర్లకు కొరత లేదు. కొన్ని పల్లెల్లో వీధి వీధంతా ఒకే ఇంటిపేరు. అక్కడ ఇంటిపేరు చెప్తే నవ్వుతారు, తండ్రి పేరో పడవ పేరో చెప్పాలి. ఆ మనిషే పలాస బజారులోకి వస్తే అరుదైన ఇంటిపేరువాడు, పలికిన మరుక్షణం సముద్రం ఒడ్డువాడని తెలిసిపోతుంది. వెరావల్‌కు బోటు మీద పోతే మళ్లీ ఎవడికీ తెలియదు.

ఆ "తెలిసిపోవడం" దగ్గరే నా కలం ఆగింది. పెదనాన్న విద్య ఎందుకు పనికొచ్చేదో కూడా రాయాలి కదా. సంబంధాలు కలపడానికి: ఒకే కులం, ఒకే ఇంటిపేరు అయితే అన్నదమ్ముల వరస, పెళ్లి కుదరదు. అప్పులివ్వడానికి. ఎవరిని బల్ల మీద కూచోమనాలో, ఎవరిని నిలబెట్టి మాట్లాడాలో తేల్చడానికి. చివరిదే ముందు జరిగేది. కులం అడగడం మర్యాద కాదని నేర్చుకున్నవాళ్లు మన జిల్లాలో ఇంటిపేరు అడుగుతారు. అందరికీ తెలిసిన గుట్టు ఇది.

ఒకసారి కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర మాష్టారు ఆ కొట్టు దగ్గర దిగాడు. పెదనాన్న మూడు ప్రశ్నలూ వేశాడు. ఊరు చెప్పాడు, ఎవరింట్లో అద్దెకు దిగాడో చెప్పాడు, ఇంటిపేరు దగ్గర "పి అండి" అన్నాడు. "పి అంటే?" "పి అంటే పినేనండి." చుట్ట ఆరిపోయింది, పెదనాన్న వదల్లేదు. ఇలవేల్పు ఎవరన్నాడు, మేనమామలది ఏ ఊరన్నాడు, పిల్లని ఎక్కడ ఇచ్చుకుంటారన్నాడు. ఆ కుర్రాడు నవ్వుతూనే అన్నిటికీ పక్కకు తప్పుకున్నాడు, టీ తాగాడు, డబ్బులిచ్చాడు, బడి ఎటని అడిగి వెళ్లిపోయాడు. "పొగరు" అన్నాడు పెదనాన్న. ఆయన విద్య పారకపోవడం నేను చూసింది అదొక్కసారే. ఆ కుర్రాడి దగ్గర ఉన్నది ఒక్క పొడి అక్షరం, ఒక చుక్క. దాంతోనే అతను మా ఊరి బడిలో పాఠం చెప్పాడు, పెదనాన్న మనవలకు కూడా.

మేనల్లుడి ఆఫీసులో ఆవిడ తన ఇంటిపేరు మ్యాపు తానే గోడకు తగిలించుకుంది. అది చూసి ఆవిడకు ఇల్లు అద్దెకు ఇవ్వనని ఎవడూ అనడు. మన మ్యాపు వేస్తే ఊళ్లతో పాటు వీధులూ బయటపడతాయి. ఏ వీధి ఊరికి ఏ దిక్కున ఉందో మీకు తెలుసు. పూర్తి పేరు చెప్పుకోవడం ఎవరిష్టం వాళ్లది గానీ, రాబట్టడం నా పని కాదు. కాబట్టి పోస్టుకార్డుల మాట వెనక్కి తీసుకుంటున్నాను. శుభలేఖలో చుక్క కూడా ఉండనివ్వండి, చుట్టాలం ఫోన్లు చేసుకుని తెలుసుకుంటాం.

ఒక్క పేరు మాత్రం పూర్తిగా రాయమని పట్టుబడతాను. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. వెంటనే ఏప్రిల్ 1న మందస జమీందారీలో గుడారి రాజమణిపురం దగ్గర రైతుల మీద పోలీసులు కాల్చారు. అందులో చనిపోయిన గున్నమ్మను మనం వీర గున్నమ్మ అంటాం. ఉపన్యాసాల్లో అదే, పాటల్లో అదే. ఇంటిపేరు ఉండాల్సిన చోట 'వీర' వచ్చి కూచుంది. ఆమె సాసుమాన గున్నమ్మ. ఇంతకన్నా అరుదైన ఇంటిపేరు నేను ఈ వైపు వినలేదు. బిరుదు ఇచ్చి పేరు తీసేసుకోవడం ఆడవాళ్ల విషయంలో మనకు అలవాటైన పనే. మామూలు ఆడపిల్లకైతే బిరుదు కూడా ఇవ్వం, పెళ్లినాడు పేరు మార్చి ఊరుకుంటాం.

అయినా ఏదో ఒకటి పంపాల్సిందే అనుకునే పాఠకులు ఉంటారు, మీ సంగతి నాకు తెలుసు. పంపేట్టయితే మీది వద్దు, మీ నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు రాసి పంపండి. ముందు ఆవిణ్ణో, ఆవిడ లేకపోతే ఆవిడ చెల్లెల్నో అడగండి, మీకు తెలిసి ఉండదు. దాన్ని బట్టి కూడా కులం తెలిసిపోతుంది కదా అని ఉత్తరం రాయబోయే టెక్కలి పాఠకుడికి: నిజమే, మీరు పంపనక్కర్లేదు.