చేతినుండి చేతికి వస

మా నూతిగట్టు ప్రక్కన, చేద తొణికిన నీరు జారి ఎల్లప్పుడు తడిగా నుండు చోట పెరుగుచున్న వసమొక్కలయెడ నాకు గల మక్కువ ఇంతింత యనరానిది. కత్తులవలె నిటారుగా నిలుచు ఆ యాకులలో ఒకదానిని వ్రేళ్లనడుమ నలిపినచో పుట్టు ఘాటైన సువాసన, చేయి కడిగినను చాలసేపు విడువదు. ఎండలకు ఆకులు పండి రాలినను, బురదలో అడ్డముగా ప్రాకు కొమ్ము ప్రాణము నిలుపుకొని, తొలకరి పడగనే మరల చిగిర్చును. తడి యారనీయకుండుటకు మించిన సేవ నది కోరదు.

మన దేశమున సాధారణముగా పెరుగు వస గింజ కట్టదు. కనుపులు గల కొమ్ముముక్కను ఒకరు త్రవ్వి ఇయ్యగా మరియొకరు నాటుకొనుటయే దాని వ్యాప్తికి మార్గము. ఏడాది గడచి ఆకులు పసుపుబారినపుడు కొమ్ములను పెకలించి, పీచువేళ్లు తీసి, ముక్కలుగా కోసి ఎండబెట్టుదురు. ఇట్లెండిన కొమ్ము గ్రంథరక్షణకును పనికివచ్చును: తంజావూరు సరస్వతీ మహలు గ్రంథాలయమను తాళపత్రభాండారమున వస, మిరియములు, లవంగములు మున్నగువాని పొడిని మూటగట్టి యుంచి పురుగునుండి గ్రంథములను కాపాడుచు వచ్చిరి.

ధారాళముగా మాటలాడు బిడ్డను చూచి, "వీనికి వస ఎక్కువ పోసినారు" అనుట మన యిండ్లలో పరిపాటి. సానపై కొమ్మును అరగదీసి, తేనెతో రంగరించి పసివాని నాలుకకు రాయు ఆచారమునుండి పుట్టిన మాట అది. కాని మోతాదు మించినచో వాంతి కలిగించు గుణము దీనికి గలదని మన వైద్యనిఘంటువులే చెప్పినవి; శోధన చేయనిదే మందులలో వాడరాదని వైద్యులు నియమించిరి. బీటా అసరోన్ అను పదార్థము గల వసతైలము ఎలుకలలో కంతులు పుట్టించినట్లు పరీక్షలలో తేలగా, అమెరికా ప్రభుత్వము 1968లో ఆహారమునందు వస వాడుకను నిషేధించెను. అందుచేత పసిబిడ్డలకు వస పోయుట మానవలెననియే నా దృఢాభిప్రాయము. పెద్దలైనను వైద్యుని యనుమతి లేనిదే దానిని లోనికి పుచ్చుకొనరాదు.

అంతమాత్రమున మొక్కను వదలుకొన నక్కరలేదు. పుస్తకముల బీరువాలోను, పట్టుచీరెల పెట్టెలోను ఎండుకొమ్ము నేటికిని అక్కరకు వచ్చును. గింజలేని యీ మొక్క మనుష్యుల యీవిచే ఇల్లిల్లు తిరిగినట్లే, దానిని వాడు తెలివియు మనుష్యులద్వారానే సాగవలసి యున్నది. కావున కొమ్ము నిచ్చువారు దానితోడనే హెచ్చరికను గూడ ఇయ్యవలెను.