వెంకమ్మగారి భూమి, గిరీశం ఇంగ్లీషు

‘కన్యాశుల్కం’ గురించి కొత్తగా చెప్పడానికి ఇంకా ఏం మిగిలింది అంటారా? 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1909లో గురజాడవారే తిరగరాసి పెంచారు. అప్పటినుంచీ పండితులు దాన్ని వడపోస్తూనే ఉన్నారు. కానీ ఎవరు ఎక్కడ మొదలుపెట్టినా చివరికి గిరీశం దగ్గరికే చేరతారు. వాడి మాటకారితనం, వాడి చుట్ట, వాడి లెక్చర్లు! మన విమర్శకులకి గిరీశమంటే అదో ముద్దు. వెంకమ్మగారిని పలకరించినవాళ్లు తక్కువ.

వెంకమ్మగారంటే అగ్నిహోత్రావధాన్లుగారి భార్య, వెంకటేశం తల్లి. పరీక్ష తప్పిన కొడుకు గురువుగారిని వెంటబెట్టుకుని ఇంటికొస్తాడు. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలని ఆవిడకి ముచ్చట. వాళ్లు చిన్నపిల్లల పాటలూ, చేతికందిన ముక్కలూ అప్పజెబుతారు. ఆవిడ మురిసిపోతుంది. మనం పగలబడి నవ్వుతాం. బాగానే ఉంది. అయితే, చదువుకి డబ్బు దండగని భర్త విసుక్కున్నప్పుడు ఆవిడ అన్నమాట గుర్తుందా? పుట్టింటివారు పసుపుకుంకాలకిచ్చిన భూమి అమ్మయినా సరే కొడుకుని చదివిస్తానంటుంది. ఆ మాట దగ్గర నాకు నవ్వు ఆగిపోతుంది. గిరీశం ఇంగ్లీషు ఖరీదు ఆ భూమి!

వెంకమ్మగారు తెలివితక్కువది కాదు. ఆవిడకి రాని విద్యను ఆవిడ పరీక్ష చెయ్యలేదు, అంతే. డిగ్రీ అనేది పుట్టిందే అందుకు. చేపల దుకాణంలో తూకంరాయి మీద సర్కారు ముద్ర ఉంటుంది చూశారా? ఆ ముద్ర ఉంది కనకే రాయి బరువెంతో మనం తూచి చూసుకోం. దొంగరాయి పెట్టినవాడు నాకు వంద గ్రాములు తగ్గించడంతో ఊరుకోడు, పక్కకొట్లో ఉన్న నిజమైన రాయిని కూడా అనుమానించేలా చేస్తాడు. దొంగ పట్టా సంగతీ అంతే. రాత్రింబవళ్లు కూర్చుని చదివి పాసైన పక్కింటి పిల్ల సర్టిఫికెట్టు విలువ కూడా దాంతో తగ్గిపోతుంది.

ఇదంతా పాతకథ అనుకోకండి. మండవల్లినే తీసుకోండి. గుడివాడ నుంచి భీమవరం వెళ్లే రైలుదారిలో, కొల్లేటి పక్కన ఉన్న ఊరు. 2022లో కృష్ణాజిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అలాంటి ఊళ్లో ఇద్దరు తల్లుల మాటలు ఇలా ఉంటాయి:

“మా వాడు అమెరికాలో ఎమ్మెస్ వదినా!”

“ఏ కాలేజీ వదినా?”

“ఏదో పేరమ్మా, నాకు నోరు తిరగదు. కాలిఫోర్నియా అట.”

నోరు తిరగని ఆ పేర్లలో ఒకటి ట్రైవ్యాలీ యూనివర్సిటీ. 2011 జనవరిలో అమెరికా అధికారులు దాన్ని మూయించేనాటికి అందులో పదిహేనువందల మందికి పైగా విద్యార్థులు. ఎక్కువమంది మన ఆంధ్రదేశపు పిల్లలే. సగానికి పైగా విద్యార్థులు ఒకే అపార్టుమెంటులో ఉంటున్నట్టు కాగితాల మీద రాసుకున్నారట! కొందరు పిల్లల కాళ్లకి రేడియో పట్టీలు కట్టారు. నడిపిన ఆవిడకి 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. పిల్లల్లో తెలిసి చేరినవాళ్లూ ఉండొచ్చు, మోసపోయినవాళ్లూ ఉండొచ్చు. పొలమో చెరువో తాకట్టు పెట్టి పంపిన తల్లి మాత్రం అచ్చంగా వెంకమ్మగారే.

అమెరికాదాకా ఎందుకు? మనదేశంలో యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను ఏటా దొంగ విశ్వవిద్యాలయాల జాబితా వేస్తూ వచ్చింది. గుంటూరు, విశాఖపట్నం పేర్లు కూడా అందులో కనిపించాయి. హక్కు లేకుండా డిగ్రీలిస్తే 1956 నాటి చట్టం రాసిన జుర్మానా ఎంతో తెలుసా? వెయ్యి రూపాయల వరకు! ఇవాళ ఆ వెయ్యికి రొయ్యల మేత ఒక బస్తా కూడా రాదు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొస్తే తలుపు తీసేది పెద్ద డిగ్రీ ఉన్నాయన కాదు, ఊళ్లో ఆర్.ఎం.పి. గారే కదా? నిజమే. కైకలూరో ఏలూరో పోయేలోపు చెయ్యి పట్టుకుని చూసినవాణ్ణి తిట్టబుద్ధి కాదు. ఆయన చేసిన సాయం తప్పు కాదు. తప్పంతా గుమ్మం మీద ‘డాక్టర్’ అని రాసిన బోర్డుది. ‘నాకింతవరకే తెలుసమ్మా, పొద్దున్నే పెద్దాసుపత్రికి తీసుకెళ్లు’ అని చెప్పాల్సిన నోటిని ఆ బోర్డు కట్టేస్తుంది. బోర్డు నిలబెట్టుకోడానికి సెలైను ఎక్కించాలి, సూది పొడవాలి. అబద్ధపు పట్టాకి రోజూ అబద్ధపు మేత వెయ్యాలి మరి!

మన వాటా కూడా చూసుకుందాం. పెళ్లిపిలుపు కార్డులో వరుడి పేరు పక్కన అక్షరాలు లేకపోతే చిన్నతనంగా భావించేది ఎవరు? చదువుని బట్టి కట్నం లెక్క మారే చోట ఒక్కో అక్షరానికీ ధర పలుకుతుంది. ధర పలికే సరుక్కి దొంగనకలు రాకుండా ఉంటుందా? గిరీశాలను అంగట్లోకి పిలిచింది మనమే. తరవాత వాళ్లు మోసగాళ్లని వాపోవడం ఏం న్యాయం?

మరి వెంకమ్మగారు ఏం చెయ్యాలి? దారి కూడా గురజాడవారే చూపించారు. ఆవిడ తమ్ముడు కరటకశాస్త్రికీ ఇంగ్లీషు రాదు. కానీ మేనల్లుడి చేత తెలుగు పద్యం చదివించి, అర్థం చెప్పమంటాడు. కుర్రవాడు నీళ్లు నములుతాడు. చూశారా, తనకి రాని విద్య జోలికి పోకుండా తనకి తెలిసిన దాంట్లోనే పరీక్ష పెట్టాడాయన. మనమూ అడగొచ్చు. ‘నువ్వు చదివిందేమిటో నాకర్థమయ్యేలా తెలుగులో చెప్పు నాయనా. క్లాసులు ఎక్కడ జరుగుతాయి? పాఠం చెప్పేదెవరు? పరీక్ష ఎవరు పెట్టారు?’ నిజంగా చదివినవాడు అమ్మకి చెప్పడానికి సంతోషిస్తాడు. లేనివాడు ‘నీకు అర్థం కాదులే అమ్మా’ అంటాడు.

ఆ ఒక్క ముక్క వినపడితే, భూమి కాగితాలు మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేసుకోండి.