ఒషోగ్బో వనం: శిల్పం, జాతర, నది

నైజీరియా నైరుతి ప్రాంతంలో, ఒషోగ్బో పట్టణపు పొలిమేరన, ఓషున్ నది వెంబడి 75 హెక్టార్ల పవిత్ర వనం ఉంది. యోరుబా ప్రజల నదీదేవత ఓషున్‌కు అది నివాసం. ఏటా ఆగస్టులో అక్కడ జరిగే జాతరను వర్ణించే పర్యాటక రచనలు దానిని అతి ప్రాచీనమని, మార్పెరుగనిదని ప్రశంసిస్తుంటాయి. మొదటి మాటను ఒప్పుకోవచ్చు. రెండవదానిని వనంలోని శిల్పాలే కాదంటాయి.

ఆ శిల్పాలలో ప్రధానమైనవి 20వ శతాబ్దపు ఉత్తరార్ధంలో రూపొందాయి. 1950లో నైజీరియా చేరిన ఆస్ట్రియా చిత్రకారిణి సుజాన్ వెంగర్ యోరుబా దేవతారాధనలో దీక్ష స్వీకరించి, ఒషోగ్బోలో శిథిలమవుతున్న గుడుల పునరుద్ధరణకు పూనుకొన్నది. 2009లో మరణించేవరకు ఆ ఊరే ఆమె ఊరు. ఆమెతో కలిసి పనిచేసిన అదెబిసి అకాంజీ తాపీపని నుంచి శిల్పకళకు వచ్చినవాడు. మట్టితో, సిమెంటుతో వారు నిలిపిన మూర్తులలో యోరుబా దారుశిల్పానికి సహజమైన ఒద్దిక, నిశ్చలత కనిపించవు. చేతులు చాచి, మెడలు సాచి, అవి చెట్లలోకి ఎగబాకుతాయి. కొన్నిచోట్ల ఆ ఉద్వేగం మితిమీరిందనే చెప్పాలి.

ఇదంతా ఒక ఐరోపా మహిళ ఊహాసృష్టి అనే ఆక్షేపణ ఇందువల్లనే పుట్టింది. అది తేలికగా తోసివేయదగినది కాదు. అయితే చెట్లు నరికేవారు, వేటగాండ్రు, స్థలాల వ్యాపారులు వనంలోకి చొరబడుతున్న రోజులలో వారికి అడ్డుగా నిలిచినవి ఈ కొత్త మూర్తులే. 1965లో వనంలో కొంత భాగం జాతీయ స్మారకమైంది. 1992లో ఆ రక్షణ వనమంతటికీ విస్తరించింది. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చోటు దక్కింది. సంప్రదాయాన్ని అనుకరించని శిల్పం సంప్రదాయపు నేలను కాపాడింది.

జాతర నాడు మాత్రం ముఖ్యమయ్యేది శిల్పం కాదు. పదహారు వత్తుల దీపం రాత్రంతా వెలిగిన తరువాత, మరొక రోజున, అరుగ్బా అనే కన్య నైవేద్యమున్న సొరబుర్రను తలపై మోస్తూ నదికి నడుస్తుంది. పట్టణమంతా ఆమె వెంట నడుస్తుంది. ఈ నడకకు మూలం ఒక స్థలపురాణం: నీటికై వెదుకుతూ వచ్చినవారు నరికిన చెట్టు నదిలో పడి దేవత అద్దకపు కుండలను పగులగొట్టిందట. ఆమె శాంతించి వారిని కాపాడుతానన్నది. వారు ఏటా కానుకలు చెల్లిస్తామన్నారు.

ఆ ఒడంబడిక ఇప్పుడు నీటి దగ్గరనే దెబ్బతింటున్నది. ఎగువన ఇజెషా ప్రాంతంలో సాగుతున్న బంగారు తవ్వకాల వల్ల ఇటీవలి సంవత్సరాలలో నది బురదవర్ణానికి మారింది. దాని నీరు తాగవద్దని భక్తులను ప్రభుత్వమే హెచ్చరించవలసివచ్చింది. వారసత్వ రక్షణ నిబంధనలు వనానికి వర్తిస్తాయి. తవ్వకాలు జరిగే చోటు వాటి హద్దుకు చాలా దూరాన ఉంది. భక్తులు ఆ నీటినే సీసాలలో నింపుకొని ఇళ్ళకు తీసుకుపోతున్నారు.