లేరు అన్న మాటకు హిందీ

పోయిన వారం మా రాజ్‌కిశోర్ నగర్‌లోనే ఉండే ఒక పెద్దావిడ పాస్‌బుక్ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. నేను అత్తా అని పిలుస్తాను. శ్రీకాకుళం వైపు పల్లెలో పుట్టి, రైల్వే ఉద్యోగిని చేసుకుని బిలాస్‌పుర్ వచ్చిన మనిషి. ఆ మావయ్య ఈ చైత్రంలో కాలం చేశారు. ఇద్దరి పేర్లా ఉన్న ఖాతాని ఆవిడ ఒక్కరి పేరు మీదికి మార్చుకోవాలి. కౌంటర్లో అబ్బాయి "పతి కహా హై?" అని అడిగాడట. ఈవిడ "నహీ హై" అన్నారట. "తో కల్ సాథ్ లేకే ఆయియే" అని కాగితం వెనక్కి ఇచ్చేశాడట.

"మీ మావయ్య నేరని చెప్పాను బాబూ. రేపు తీసుకురమ్మన్నాడు" అన్నారు.

వాళ్ళ వైపు లేదుని నేదు అంటారు. ఆ పలుకుబడి ఇన్నేళ్ళ బిలాస్‌పుర్ కాపురంలోనూ పోలేదు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, ఆ అబ్బాయి తప్పుగా వినలేదు. ఒక భాషలో నిండుగా ఉన్న మాట రెండో భాషలోకి వెళ్ళేసరికి సగమే మిగిలింది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి మనవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు. 2003లో ఇది ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కి కేంద్రం అయింది. అర్జీలు, ఉత్తరాలు తెలుగులో విని హిందీలో రాసిపెట్టడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. ఈ పనిలో నన్ను పెద్ద మాటలు ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. నిఘంటువు తీస్తే అవి దొరుకుతాయి. ఉండు, లేదు లాంటి చిన్న మాటల దగ్గరే కలం ఆగిపోతుంది.

ఫోన్ ఎత్తి "నాన్న లేరండి" అంటే బజారుకి వెళ్ళారని అర్థం. అదే మాట తల వంచుకుని అంటే ఎదుటివాళ్ళు ఇంకేమీ అడగరు. మాట మారలేదు, గొంతు మారింది. హిందీలో ఈ రెండూ విడివిడి మాటలు. ఇంట్లో లేకపోతే "నహీ హై", చనిపోతే "నహీ రహే". అత్తకి మొదటిది తెలుసు, రెండోది నోటికి రాలేదు. పోయారు అనడానికి ఆవిడకి మనసొప్పలేదు.

ఈ ఉండటం అనే క్రియ దగ్గర, ఎవరూ పుట్టుకతో మాట్లాడని భాషకి కూడా చిక్కొచ్చింది. ఇలాంటి కల్పిత భాషల్లో పేరుమోసిన క్లింగన్‌ని మార్క్ ఓక్రాండ్ అనే భాషాశాస్త్రవేత్త 'స్టార్ ట్రెక్' మూడో సినిమా (1984) కోసం తయారు చేశాడు. 1985లో దాని నిఘంటువు వచ్చింది. ఉండటం అనే క్రియని అందులో ఆయన పెట్టలేదు. మనం "ఆయన గార్డు" అని క్రియ లేకుండా అన్నట్టే క్లింగన్‌లోనూ అంటారు. ఏదైనా ఒకటి ఉంది అని చెప్పాలంటే, చూసినవాళ్ళకి కనబడుతుంది అన్న అర్థం వచ్చేలా చెబుతారు.

1991లో వచ్చిన ఆరో సినిమాలో ఒక క్లింగన్ సేనాని నోట హామ్లెట్ ప్రశ్న పలికించాల్సి వచ్చింది. ఉండటమా, ఉండకపోవటమా అన్నదే ఆ ప్రశ్న. ఉండటమనే క్రియే లేని భాషలో దాన్ని ఎలా అడగాలి? ఓక్రాండ్ మొదట బతకడం అనే మాట పెట్టాడు. ఆ పాత్ర వేసిన క్రిస్టఫర్ ప్లమ్మర్‌కి ఆ ధ్వని నచ్చలేదు. అప్పుడు తఖ్ అనే మాట తెచ్చాడు. కొనసాగడం, ఆగకుండా సాగిపోవడం అని దానికి అర్థం. 1996లో హామ్లెట్ నాటకం మొత్తం క్లింగన్‌లో పుస్తకంగా కూడా వచ్చింది.

తఖ్ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు పేజీ తిప్పలేదు. ఓక్రాండ్ అంత వెతికి పట్టుకున్న అర్థం మా వీధిలో రోజూ వినబడుతోంది. "నహీ రహే" అంటే అదే కదా, కొనసాగలేదు అని. నడుస్తున్నది ఒక రోజున ఆగింది, ఆ రోజుకి తేదీ ఉంది. కాగితానికి కావలసింది ఆ తేదీయే.

తెలుగు లేరుకి తేదీ లేదు. అది నిన్నటి మాట కాదు, ఇవాళ్టి మాట. పదేళ్ళ కిందట పోయినవాళ్ళ గురించి కూడా మనం లేరనే అంటాం, ఈ పూటే చూసుకుని చెబుతున్నట్టు. అత్త పొద్దున్నే రెండు గ్లాసులు తీసి ఒకటి వెనక్కి పెట్టేటప్పుడు మావయ్య లేరు. కోర్బా బండి కూత వినబడి గడియారం చూసుకున్నప్పుడు లేరు. ఈ లేరుని నేను హిందీలోకి తేలేను. తేవడానికి ప్రయత్నించడం మానేశాను కూడా. దాన్ని అత్త దగ్గరే ఉంచి, ఆవిడ పని జరిగే మాట రాయడమే నా వంతు.

అర్జీలో "మేరే పతి అబ్ నహీ రహే" అని రాసి, తేదీ వేసి, చదివి వినిపించాను.

"నేరనే రాశావా?" అని అడిగారు.

"లేరనే రాశానత్తా."

కాసేపు ఆ అక్షరాల వైపు చూసి, కింద తెలుగులో సంతకం పెట్టారు.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేశారు. కాగితం తీసుకున్నారట, కుర్చీ వేసి కూర్చోబెట్టారట. ఆ వివరాలన్నీ చెప్పి, పెట్టేసే ముందు మనమందరం అనే మాటే అన్నారు.

"ఉంటాను బాబూ."