ఎర్ర సముద్రము దాటిన తరువాత: ‘ది బ్లాక్ జాకోబిన్స్’ గ్రంథముపై ఒక వేదాంత విమర్శ

ట్రినిడాడ్‌లో జన్మించిన చరిత్రకారుడు సి.ఎల్.ఆర్. జేమ్స్ రచించిన ‘ది బ్లాక్ జాకోబిన్స్’ 1938లో లండన్‌లో వెలువడింది. ఫ్రెంచి వలసయైన సాన్ డొమింగోలో చెరకు తోటల బానిసలు 1791 ఆగస్టులో తిరుగబడి, 1804 జనవరి 1న హైతీ అనే స్వతంత్ర దేశమును స్థాపించుకొన్న వృత్తాంతమే దీని విషయం. నిర్గమకాండమును బోధించే మనకు ఈ గ్రంథం ఏమి నేర్పుతుంది? ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత సంఘాల జీవితాన్ని ఎదుట ఉంచుకొని ఈ ప్రశ్నను పరిశీలిస్తున్నాము.

బానిసత్వ నిర్మూలన అనగానే మన సంఘ చరిత్ర పాఠాల్లో విల్బర్‌ఫోర్స్ పేరు వినిపిస్తుంది. జేమ్స్ ఈ దృష్టిని మార్చాడు. పారిస్ సభ 1794 ఫిబ్రవరిలో బానిసత్వాన్ని రద్దు చేసేనాటికి, ద్వీపంలోని బానిసలు తమ పోరాటంతో 1793లోనే ఆ ప్రకటనను రాబట్టుకొన్నారు. వారు జాలికి పాత్రులు కారు, చరిత్రకు కర్తలు. ఇది ఈ గ్రంథం యొక్క ప్రధాన బలం.

జేమ్స్ తన కథానాయకుని కూడ విమర్శించకుండా వదలలేదు. బానిసగా పుట్టి ద్వీపాన్ని ఏలిన టుస్సాన్ లూవెర్ట్యూర్, ఉత్పత్తి నిలబెట్టుటకు విడుదల పొందినవారిని 1800లో సైనిక క్రమశిక్షణతో మళ్లీ తోటలకే కట్టివేశాడు. పంటలో వాటా దక్కింది, భూమి దక్కలేదు. 1801 అక్టోబరులో ఉత్తర ప్రాంత కూలీలు తిరుగబడ్డారు. వారి పక్షం వహించాడని, తాను మేనల్లునిగా చూచుకొన్న సేనాని మోయిజ్‌ను టుస్సాన్ చంపించాడు. ‘మోయిజ్’ అనగా ఫ్రెంచిలో మోషే!

అదే 1801లో మన ప్రాంతంలోనూ ఒక ప్రతిఘటన జరిగింది. అంతకు ముందు యేడు నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు. తెర్నేకల్ గ్రామస్థులు కంపెనీ శిస్తు అధికారాన్ని ఎదిరించారు. డిసెంబరులో సైన్యం వారి కోటను పట్టుకొంది. దీనిని గౌరవంగా స్మరించవలసిందే. అయితే ఆ కోట నిలిచియుంటే, పొలాల్లో చాకిరీ చేసిన మాల మాదిగల బ్రతుకు మారియుండేదా? జేమ్స్‌ను చదివినవారు ఈ ప్రశ్న అడుగక మానరు.

గ్రంథానికి పరిమితులున్నవి. తిరుగుబాటు సన్నాహానికి వూడూ మతం సాధనమైనదని జేమ్స్ గుర్తించాడే గాని, బానిసల విశ్వాసంలోని అంతరార్థాన్ని శోధించలేదు. కథనం స్వాతంత్ర్యంతో ముగియుట వలన తరువాతి విషాదం ఇందులో లేదు. 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలను పంపి 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం కోరింది; 1838లో అది 9 కోట్లకు తగ్గింది. విడుదల పొందే దాసుని వట్టిచేతులతో పంపకూడదని ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయం యజమానునికి ఆజ్ఞాపిస్తుంది. ఇక్కడ దాసుడే యజమానునికి చెల్లించవలసి వచ్చింది.

వెట్టిచాకిరీ మన దేశంలో 1976 చట్టంతో రద్దయింది. అయినను వర్షాధారపు చేలు ఎండినప్పుడు ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు పల్లెల కుటుంబాలు బడి పిల్లలను వెంటబెట్టుకొని గుంటూరు మిరప తోటలకు ‘సుగ్గి’కి పోతాయి. వారికి సంకెళ్లు లేవు. చేతులు మాత్రం వట్టివే. మన ప్రసంగాలు ఎర్ర సముద్రపు ఒడ్డున పాటతో ముగిసిపోతున్నవి. నీరు, భూమి, కూలి, పిల్లల చదువు అన్నవి ఆవలి ఒడ్డు ప్రశ్నలు. నిర్గమకాండమును ద్వితీయోపదేశకాండముతో కలిపి బోధించినప్పుడే సుగ్గికి పోయే విశ్వాసికి విమోచన అనే మాట అర్థవంతమవుతుందని మేము భావిస్తున్నాము.