గెలిచిన ఆటకు పోస్టుమార్టం

చదరంగంలో ఓడినవాడు పోస్టుమార్టం చేసుకోవాలని అందరూ ఒప్పుకుంటారు. గెలిచినవాడికి అది మరీ అవసరమని నా వాదన. విజయనగరంలో మా వీధి కుర్రాడు ఫోన్లో ఆడిన పది నిమిషాల ఆటే చూడండి.

మనవాడివి తెల్లపావులు. రాజుల ముందున్న బంట్లు ఎదురెదురుగా నిలిచాయి. తెల్లవాడి గుర్రాలు రెండూ బయటికొచ్చాయి. శకటు నల్లరాజు పక్క బంటు మీద గురిపెట్టి కూర్చుంది. నల్లవాడు మంత్రి బంటును ఒక గడి జరిపి, మంత్రివైపు గుర్రాన్ని దించి, శకటుతో రాజువైపు తెల్లగుర్రాన్ని కట్టేశాడు. అది కదిలితే వెనకున్న మంత్రి పోతుంది. కదలదనుకున్న ఆ గుర్రమే ఎగిరి నడిమి బంటును తినేసింది! నల్లవాడు ఆత్రంగా మంత్రిని తీశాడు. శకటు బంటును కొట్టి చెక్. రాజు ముందుకు ఒక గడి. రెండో గుర్రం దూకింది. ఏడో ఎత్తుకే ఆటకట్టు. పద్దెనిమిదో శతాబ్దంలో మేటి ఆటగాడు ఫిలిడోర్‌కు గురువైన లెగాల్ పారిస్‌లో ఆడాడని చెప్పుకునే కట్టు ఇది.

"ఏటి మావయ్యా, మంత్రినిచ్చి గెలిచాను!" అన్నాడు. పావులు మళ్లీ పేర్చమన్నాను. నల్లవాడు మంత్రి జోలికి పోకుండా, తన గుర్రంతో నీ గుర్రాన్ని కొట్టుంటే? వాడి శకటుకు కాపు కూడా అదే గుర్రం. దక్కేది బంటు, పోయేది గుర్రం. మనవాడి ముఖం చూడాలి!

అసలు అందం ఆ తర్వాత బయటపడింది. ముందుగా కుడి అంచు బంటును ఒక్క గడి జరిపి శకటును తరిమితే? అది గుర్రాన్ని కొట్టేస్తే వేరే ఆట. బింకంగా అంచు గడికి తగ్గిందా, అదే బలి ఇప్పుడు పక్కా. నల్లగుర్రం కొడితే మంత్రి అంచునున్న శకటును తీస్తుంది. నల్లగుర్రం తెల్లశకటును తింటుంది. మంత్రి బి5 గడిలోకొచ్చి చెక్ చెప్పి ఆ గుర్రాన్నీ పట్టేస్తుంది. లెక్క చూస్తే ఒక బంటు లాభం. ఒక్క చిన్న బంటు కదలికలో ఇంత ఉంది!

ఫోన్ ఇదంతా చెప్పదా అంటారు. ఎర్ర గుర్తు పెడుతుంది, ఇన్ని శాతం బాగా ఆడావని మార్కులేస్తుంది, కుర్రాడు మరో ఆట నొక్కేస్తాడు. ఆలోచించింది ఎవరు? అంతకన్నా ఒళ్లు మండించేది, పక్కన ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రాం) పెట్టుకుని అది చెప్పిన ఎత్తులు వేసే బాపతు. అది ఆట కాదు, దొంగతనం.

ఆ మాట అలా ఉంచండి. మన ఊరి పేరుకు ఈ ఆటలో ఉన్న గౌరవం ఎందరికి తెలుసు? 1883లో లండన్‌లో జరిగిన మహా టోర్నమెంటులో జుకర్టోర్ట్ ఆనాటి మరో దిగ్గజం స్టైనిట్జ్‌ను వెనక్కి నెట్టి మొదటివాడయ్యాడు. దాని పక్కనే నడిచిన రెండో పోటీ పేరు 'విజయనగరం టోర్నమెంట్'! మన మహారాజావారి సాయంతో జరిగింది. గెలిచినవాడు బార్డెలెబెన్. పన్నెండేళ్ల తర్వాత హేస్టింగ్స్‌లో స్టైనిట్జ్ ఏనుగు ఇతని రాజు పక్కనే నిలబడి, తీస్తే చావు, తీయకపోతే చావు అన్నట్టు గడి గడికీ చెక్ చెప్పింది. కట్టించుకోవడం ఇష్టంలేక బార్డెలెబెన్ మాట్లాడకుండా హాలు దాటి వెళ్లిపోయాడట. విజయనగరం పోటీలో ఆడిన గన్స్‌బర్గ్ కథ ఇంకా చిత్రం: 'మెఫిస్టో' అనే బొమ్మ యంత్రాన్ని చాటునుంచి ఆడించింది అతనే. అప్పట్లో యంత్రం చాటున మనిషి దాక్కునేవాడు, ఇప్పుడు మనిషి చాటున యంత్రం!

మళ్లీ ఇప్పటికొస్తే, మన కోనేరు హంపిని చూడండి. 2024 డిసెంబరులో న్యూయార్క్ ర్యాపిడ్ ప్రపంచ పోటీలో మొదటి రౌండే ఓడి, పదకొండు ఆటల్లో ఎనిమిదిన్నర పాయింట్లతో రెండోసారి కిరీటం పట్టుకొచ్చింది. మా తెలుగమ్మాయి అని పొగుడుతున్నానంటే పొగుడుతున్నాను. ఓటమిని అదే సాయంత్రం జీర్ణం చేసుకునే ఆ బుర్ర, వెయ్యి ఆటలు నొక్కేస్తే వచ్చేది కాదు.

అందుకే ఊరి పెద్దలకు నా మనవి. 1883 నాటి పేరుతో మన పిల్లలకు ఏటా ఒక పోటీ పెట్టండి. రెండే నిబంధనలు చాలు: ఫోన్లు బయట, ఆట అయ్యాక గెలిచినవాడూ ఓడినవాడూ పావుగంట అదే బల్ల దగ్గర కూర్చుని పావులు మళ్లీ పేర్చాలి. బల్లలు, టీలు నా ఖర్చు.