నల్లజాతివారి చిత్రములు, మన మాలపిల్ల

హైదరాబాదు నగరమునకు వాయవ్య దిశను, బొంబాయి రహదారి మీద, మియాపూరునకును చందానగరమునకును నడుమ మదీనాగూడ యను పేట కలదు. హైటెక్ సిటీ కంపెనీలలో ఉద్యోగములు చేయు కుటుంబములు అచట మెండుగా కాపురమున్నవి. అందలి యొక గృహసముదాయమున కొందరు యువతీయువకులు కొన్ని వారములుగా ఆదివారపు సాయంకాలములందు, అమెరికాలోని నల్లజాతివారు తీసిన చలనచిత్రములను తెర కట్టి చూపుచున్నారు. మేమును పోయి చూచితిమి. ఒకనాడు స్పైక్ లీ 1989లో తీసిన "డూ ది రైట్ థింగ్" వంతు వచ్చెను. న్యూయార్కులోని బ్రూక్లిన్ పేటలో, ఎండలు మండిపోవు నొకదినమున జరుగు కథ యిది. ఇటలీ సంతతివాడొకడు అచట పిజ్జా అంగడి నడుపుచుండును. తినవచ్చువారిలో నధికులు నల్లవారే. గోడమీది పటములు మాత్రము ఇటలీ సంతతికి చెందిన ప్రముఖులవి. మావారి పటమొక్కటైన లేదేమని ఒక యువకుడడుగును. అంగడి నాది, గోడ నాది యని యజమాని బదులు చెప్పును. ఇంత చిన్న తగవు రాత్రి కెంత పెద్దదగుననగా, పోలీసులు లాఠీతో ఒక నల్లయువకుని గొంతు నొక్కి చంపుదురు, అంగడి తగులబడును.

చిత్రము ముగిసిన పిమ్మట ఒక పెద్దమనిషి లేచి, బాగుగనే యున్నది గాని వారి రంగు తగవు మనకేల, మన దేశమున ఆ బాధ లేదు గదా యనెను. ఎవరును బదులాడలేదు. ఆయనయు మేమును కలిసియే లిఫ్టు నొద్దకు నడచితిమి. ఇంటిపనులు చేయువారు రెండవ లిఫ్టునే వాడవలెనని దాని తలుపుమీద కాగితమంటించి యున్నది. మేము మొదటి లిఫ్టులోనే దిగితిమి.

ఆ ప్రశ్నకు అచట చెప్పలేని సమాధానము నిచట చెప్పజూచుచున్నాము. నల్లజాతివారి చిత్రములు మనకు నేర్పునది అమెరికా చరిత్ర గాదు. పీడితుని కథ యనగానే అది యెవరి గడపలో నిలబడి చెప్పబడుచున్నదో చూచుకొనుమని నేర్పుచున్నవి. తొంబదియేండ్ల మన సాంఘిక చిత్రములను ఈ యొక్క ప్రశ్నతో పరీక్షించినచో, మనము గర్వముతో చెప్పుకొనునవియు కొంత తలవంచుకొనక తప్పదు.

1915లో గ్రిఫిత్ అను దర్శకుడు "ది బర్త్ ఆఫ్ ఎ నేషన్" అను చిత్రము తీసెను. శిల్పమున అది ఆనాటికి అపూర్వము. భావమున పరమనీచము. అందలి ముఖ్యమైన నల్లపాత్రలను తెల్లవారే మొగమునకు మసి పూసికొని ధరించిరి. తెల్లకన్యలను చెరపట్టజూచు మృగములుగా నల్లవారిని, వారిని శిక్షించు వీరులుగా క్లూ క్లక్స్ క్లాన్ ముఠాను చూపిరి. అడుగంటిపోయిన ఆ ముఠా సరిగా ఆ సంవత్సరమే తిరిగి తలయెత్తినది. కావున బొమ్మయే గదా, చూచి మరచిపోవుదురని తేలికగా ననువారితో మేము ఏకీభవింపజాలము.

దీనికి ప్రత్యుత్తరమిచ్చినవాడు ఆస్కార్ మిషో. ఈయన దక్షిణ డకోటాలో సేద్యము చేసి, నవలలు వ్రాసి, వానిని ఇల్లిల్లు తిరిగి తానే అమ్ముకొనిన నల్లజాతివాడు. అదే పద్ధతిని పొరుగు రైతులకు వాటాలమ్మి, 1919లో తొలిచిత్రమును తీసెను. మరుసటి యేటి "విథిన్ అవర్ గేట్స్"లో నల్లపిల్లల బడికై చందాలకు బయలుదేరిన యొక ఉపాధ్యాయిని కథ కలదు. చేయని నేరమునకు ఆమె పెంపుడు తలిదండ్రులను తెల్లమూక ఉరితీయును. అదే సమయమున ఆమెపై అత్యాచారము చేయబోయిన తెల్లవాడు, ఒక గాయపు మచ్చ చూచి, ఆమె తన కూతురేయని తెలిసికొనును. గ్రిఫిత్ చెప్పిన చెర కథను తలక్రిందులు చేసి, ఎవరి స్త్రీలను ఎవరు చెరచిరో చూడుడని చూపినట్లయినది. షికాగో సెన్సారువారు మొదట దానిని నిరాకరించిరి. ఆ చిత్రము చిరకాలము అడ్రసు లేకుండ పోయి, స్పెయిన్ దేశమున నొకప్రతి దొరకగా, 1993లో పునరుద్ధరింపబడెను. నల్లవారు నటించినంతమాత్రమున నల్లవారి చిత్రము కాదని, చెప్పువాడెవడు, చూచు చూపెవ్వరిది అను దానిపై నది ఆధారపడునని మిషో మొదలే తేల్చెను. నటించుట యందురా, "గాన్ విత్ ది విండ్" చిత్రమున దాసిగా నటించిన హాటీ మెక్‌డానియల్ 1940లో ఆస్కారు బహుమానము పొందినది. ఆ విందుసభలో ఆమెకు వేసిన బల్ల మాత్రము తోటి నటులకు దూరముగా, వేరుగా వేసిరి.

ఇక దయగల చిత్రములు. 1967లో స్టాన్లీ క్రామర్ తీసిన "గెస్ హూస్ కమింగ్ టు డిన్నర్"లో ఒక తెల్లపిల్ల నల్లయువకుని ప్రేమించి ఇంటికి తెచ్చును. ఆయన సామాన్యుడా? పేరుమోసిన వైద్యుడు, వినయసంపన్నుడు, మచ్చలేనివాడు. పిల్ల తలిదండ్రులు మనసారా ఒప్పుకొననిచో పెండ్లియే చేసికొననని తానే వారితో చెప్పును. సిడ్నీ పాయిటియర్ ఆ పాత్రను ఎంతో హుందాగా ధరించెను. కాని కథ యెవరిది? చివర గదినిండ జనమును కూర్చుండబెట్టి తీర్పు చెప్పునది ఆ పిల్ల తండ్రి. మనము రెండు గంటలు కాచుకొనియున్నది ఆయన మనస్సు మారుటకే. వర్ణాంతర వివాహములను నిషేధించు శాసనములు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు చెప్పినది ఆ సంవత్సరము జూన్ నెలలోనే; చిత్రము విడుదలయైనది డిసెంబరులో. న్యాయస్థానము గడప దాటిన పిమ్మటను చిత్రము తండ్రి గడపలోనే నిలిచి యుండెను.

ఇపుడు మన "మాలపిల్ల"ను చూతము. 1938 నాటి చిత్రము. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మము, కథ చలముది, సంభాషణలు తాపీ ధర్మారావు వ్రాసిరి, పాటలు బసవరాజు అప్పారావువి. చల్లపల్లి రాజావారి సారథి సంస్థ నిర్మించినది. పురాణకథలే రాజ్యమేలుచున్న దినములలో నొక పూజారి కుమారునకును హరిజన బాలికకును ప్రేమ కల్పించి, నలుగురు మాటలాడుకొను తెలుగులో మాటలు పలికించి, జనుల చేత చూపించుట సామాన్య సాహసము గాదు. తిరువాన్కూరులో దేవాలయ ప్రవేశమునకు ప్రకటన వెలువడినది 1936లో. రెండేండ్లలో తెలుగు తెర ఆ వాదమును తలకెత్తుకొనినది. ఈ గౌరవమునుండి ఒక్క వీసమైన తగ్గింప మేమొల్లము.

అయినను మరల చూచునపుడు మనస్సున నొక ముల్లు తగులును. నాగరాజు సంపలతను, ఆమె చెల్లెలిని వెంటబెట్టుకొని కలకత్తా పోవును. అచట వారు చదువుకొందురు. ఊరిలో పూజారి సుందరరామశాస్త్రి పట్టుదల సడలదు. తుదకాయన భార్య అగ్నిప్రమాదమున చిక్కుకొనగా, ఒక హరిజనుడు ప్రాణములకు తెగించి రక్షించును. అంతట శాస్త్రి కన్నులు తెరచుకొనును. గుడి తలుపులు తెరచుకొనును. పెండ్లికి ఆశీర్వాదము లభించును. గోవిందరాజుల సుబ్బారావు నటన చేత ఆ పరివర్తన మిక్కిలి నమ్మదగినదిగా నుండును. చిక్కుగూడ అచటనే. ఆ హరిజనుడు నిప్పులో దూకకున్నచో? ఆ దినమున ఆయన ఊరిలో లేకపోయినచో? గుడిలోనికి పోవు హక్కు నిప్పులో దూకినందుకు దొరకు బహుమానమా? సంపలత మాత్రమేమి, కలకత్తా చదువు లేకున్న ఆ యింటి కోడలగుటకు తగదా? పాయిటియర్‌కు వైద్యపట్టమెట్టిదో సంపలతకు కలకత్తా అట్టిది. అర్హత నిరూపించుకొనవలసిన భారమంతయు అవతలివారిది. మనస్సు మార్చుకొను ఘనత యంతయు ఇవతలివారిది. వాడలోని యొక యింట ఆ సంవత్సరమంతయు ఏమి జరిగినదో మనకు తెలియనే తెలియదు.

అవి పాతకాలపు పరిమితులని సరిపెట్టుకొందమన్న, నేటి చిత్రములు సరిపెట్టుకొననీయవు. 2021లో శేఖర్ కమ్ముల "లవ్ స్టోరీ" వచ్చినది. ఆర్మూరు ప్రాంతమునుండి వచ్చి హైదరాబాదులో నాట్యవ్యాయామశాల నడుపు దళిత క్రైస్తవ యువకుడు రేవంత్. సాఫ్ట్‌వేరు ఉద్యోగము వెదకుకొను అగ్రకులపు పిల్ల మౌనిక. మదీనాగూడ వంటి పేటలలో ఇట్టి జంటలు మనకు రోజు నెదురగుచునే యుందురు. కుర్రవాని తల్లి బాల్యముననే వానికి నేర్పిన యెచ్చరిక, ఊరిలో పెద్దయింటి ముందు వాని నడక మారుట, ఇవన్నియు శ్రద్ధతో చూపబడినవి. కాని ఉత్తరార్ధమున, పిల్ల బాబాయి బాల్యమున ఆమెపై చేసిన ఘోరము ముందుకు వచ్చి కథ భారమంతయు దానిపై పడును. ఆ విషయము చెప్పవలసినదే, చెప్పిన ధైర్యము మెచ్చదగినదే. అయితే కులపు గోడకు కాపలా కాయువాడు రాక్షసుడే యైనపుడు, రాక్షసులు గాని మనవంటి సాధుజనులందరు హాయిగా నిట్టూర్చి ఇంటికి పోవుదురు. ఆ కాపలాదారు మంచివాడై, పిల్లలను ప్రేమించువాడై, వేళకు గుడికి పోవువాడైనచో ఏమగునో చూపుట కష్టమైన పని.

ఇంకొకటి. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో నొక దళిత యువకుడు, అన్యకులపు పిల్లను వివాహమాడినందుకు, గర్భవతియగు భార్య కన్నుల యెదుటనే నరకబడెను. రెండేండ్లు తిరుగకుండ దానిపై నొక చిత్రము ప్రకటింపబడినది. ఆ చిత్రమునకు కేంద్రము పిల్ల తండ్రి! తన బ్రదుకును తన యనుమతి లేకుండ తెరకెక్కించుచున్నారని ఆ యువతి న్యాయస్థానము నాశ్రయింపవలసి వచ్చెను. శాస్త్రిగారి గడపనుండి ఎనుబదియేండ్లు నడచి తెలుగు తెర మరల నొక తండ్రి గడపకే చేరినది. ఈసారి ఆయన మనస్సుగూడ మారలేదు.

గుడ్డిలో మెల్లగా 2020 మార్చిలో "పలాస 1978" వచ్చెను. దర్శకుడు కరుణకుమార్ అంతకుమున్ను కథకుడుగా పేరొందినవాడు. జీడిపప్పు వ్యాపారపు ఊరిలో, ఆడిపాడి పొట్టపోసికొను దళిత కళాకారుల కుటుంబమున పుట్టిన అన్నదమ్ములిరువురు షావుకార్ల పగలకు కత్తులగుదురు. వారి పాట, వారి యాస, వారి కోపము, వారి తప్పులు సైతము వారివే. ఎవరును నిప్పులో దూకి తమ మంచితనమును నిరూపించుకొనరు. పోలీసు ఉద్యోగియగు దళితుడొకడు ఇందు గలడు. అట్టి పాత్ర మన తెరపై మిక్కిలి యరుదు. లోపములు లేకపోలేదు. సగము గడచిన పిమ్మట కత్తులు, ప్రతీకారములు కథను మ్రింగివేయును, స్త్రీపాత్రలు పలుచన. రక్తము పారనిదే దళితుని జీవితము తెరకెక్కదా యని మాకు విసుగు గూడ కలిగెను.

ఆ విసుగుతోడనే చార్లెస్ బర్నెట్ చిత్రమును తలంచుకొంటిమి. "కిల్లర్ ఆఫ్ షీప్" అను ఈ చిత్రము 1977లో పూర్తియైనది. విశ్వవిద్యాలయ విద్యార్థిగా, పదివేల డాలర్లకు మించని వ్యయముతో, వారాంతములందు ఇరుగుపొరుగువారినే నటులుగా చేసికొని తీసెను. లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ పేటలో గొఱ్ఱెల కబేళాలో పనిచేయు స్టాన్ అనువాని సంసారము కథ. కథ యనుటకును ఏమియు లేదు. వానికి రాత్రులు నిద్రపట్టదు. ఒకనాడు వాడు, మిత్రుడు కలిసి కూడబెట్టిన సొమ్ముతో పాత కారు ఇంజను కొని, మెట్లమీదుగా రొప్పుచు మోసికొని వచ్చి, బండి వెనుక అంచున పెట్టుదురు. ఇంకొంచెము లోనికి త్రోయుదమని యొకడనును, చాలునని యింకొకడనును. బండి కదలగానే ఇంజను దొరలి పడి పగులును. ఇద్దరును ఒక నిమిషము చూచి, దానిని వీధిలోనే వదలి పోవుదురు. ఇంతే. ఏ దుష్టుడును లేడు, ఏ లాఠీయు లేదు. దారిద్ర్యమనగా నేమియో మాకు ఈ యింజను చెప్పినంతగా ఏ యుపన్యాసమును చెప్పలేదు. వేరొకచోట భార్యాభర్తలు గదిలో మౌనముగా కలిసి నాట్యమాడుదురు. పాట ముగియగానే వాడు ఆమె చేతులు విడిపించుకొని పోవును. అలసట మనిషిని ఎంతవరకు తినివేయునో ఆ వీపు చెప్పును. పాటల హక్కులకు డబ్బు లేక ఆ చిత్రము 2007 వరకు థియేటర్లలో విడుదల కాలేదు.

డబ్బే అసలు సంగతి. జాషువకు 1941లో "గబ్బిలము" వ్రాయుటకు కాగితము, కలము చాలినవి. అస్పృశ్యుని మొర ఆయన నోటనే వెలువడెను. తరువాత దళిత కవులు, కథకులు దండిగా వచ్చిరి. చలనచిత్రమునకు పెట్టుబడి వలయును, పంపిణీదారు వలయును, థియేటరు వలయును. మన రాష్ట్రములందు ఇవి కొన్ని కుటుంబముల చేతులలోనే యున్నవి. మిషో వలె రైతులకు వాటాలమ్మి చిత్రము తీయువాడు మనలో నింకను కనబడలేదు.

పెద్దమనిషి మాటలో నొక నిజముగూడ కలదు, దానిని దాచరాదు. రంగు కంటికి కనబడును; కులము కనబడదు. అందుచేతనే మనవారు దానిని అడిగి తెలిసికొందురు. ఇల్లు అద్దెకిచ్చునపుడు ఇంటిపేరడుగుదురు, ఏ ఊరందురు, మాంసము తిందురా యందురు. రెండు పీడనలు ఒకటి గావు. కాని ఒకదానిని చూచి మరియొకటి నేర్చుకొనుట మనకు క్రొత్త గాదు. 1873లో జోతిరావు ఫులే తన "గులాంగిరీ"ని, నల్లవారిని దాస్యమునుండి విడిపించిన అమెరికా సజ్జనులకు అంకితమిచ్చెను. 1946లో అంబేడ్కరు నల్లజాతి మేధావి డుబాయిస్‌కు లేఖ వ్రాసెను. 2023లో ఏవా డువెర్నే అను నల్లజాతి దర్శకురాలు తీసిన "ఆరిజిన్"లో బాలుడైన అంబేడ్కరు తరగతిలో తోటివారికి దూరముగా కూర్చుండుట మనము చూచితిమి. అమెరికావారు మన కథ చెప్పవలసి వచ్చెను. మదీనాగూడకు కొద్ది మైళ్ళలోనున్న హైదరాబాదు విశ్వవిద్యాలయమున 2016 జనవరి 17న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణించెను. దేశమంతయు కదలినది. దీపా ధన్‌రాజ్ ఆ యుద్యమముపై డాక్యుమెంటరీ తీసిరి. మన పెద్ద నిర్మాణ సంస్థలేవియు ఆ విషయమునకు చేయి చాపలేదు.

తరువాతి ఆదివారమునకు తెలుగు చిత్రమేదైన చెప్పుడని ఆ యువకులు మమ్ము నడిగిరి. "మాలపిల్ల", "పలాస 1978" ఒకదాని వెంట నొకటి చూపుడంటిమి. అపుడొక గృహిణి, తన యింట పనిచేయు ఆమెయు, ఆమె కుమారుడును రాదలచుచున్నారు, వారికిని కుర్చీలు వేయింతురా యని యడిగెను. హాలు నియమములలో నివాసితులకు, వారి బంధువులకు మాత్రమే ప్రవేశమని యున్నదట. నియమము మార్చుమని కమిటీవారికి ఇరువది మంది సంతకములతో నొక లేఖ పోయినది. లిఫ్టునాటి పెద్దమనిషి సంతకముగూడ అందులో నున్నది. ఈ వ్యాసము ముగించునాటికి కమిటీవారి బదులు రాలేదు.